మీ ఉత్తరంలో లేని మనిషి

ప్రశ్న: నాకు 43 ఏళ్లు, మావారికి 46. ఇద్దరం ఉద్యోగస్తులం. మాకు 13 ఏళ్ల కూతురు ఉంది. రెండో బిడ్డ కావాలని చాలాకాలం చూశాం, కుదరలేదు. దత్తత గురించి ఆలోచిస్తుండగా ఫోస్టర్ కేర్ గురించి తెలిసింది. సొంత ఇంట్లో ఉండే పరిస్థితి లేని పిల్లల్ని కొన్నాళ్లు మన ఇంట్లో పెట్టుకుని పెంచాలి, వాళ్ల ఇల్లు కుదుటపడితే తిరిగి పంపించాలి అన్నారు. ఇద్దరికీ నచ్చింది. దరఖాస్తు పెట్టాం, శిక్షణ తరగతులకి వెళ్లాం. సోషల్ వర్కర్ ఇంటికొచ్చి గదులు చూశారు, మా చిన్నప్పటి సంగతులు కూడా అడిగారు. ఆరేళ్ల బాబు ఉన్నాడు, వచ్చే నెలలో మీ దగ్గరికి రావచ్చు అని పోయిన వారం ఫోన్ వచ్చింది.

అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. ఇలాంటి పనులు చేసేవాళ్లకి చాలా ఓర్పు ఉంటుంది. నేను అలాంటిదాన్ని కాదు, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన రోజు నా కూతురి మీదే అరుస్తాను. వాడు మాకు దగ్గరవుతాడా? దగ్గరయ్యాక తీసుకెళ్లిపోతే నేను తట్టుకోగలనా? మొదట్నుంచీ కాస్త దూరంగా ఉంటే మంచిదేమో అనిపిస్తోంది. మా అమ్మాయి 'నాకు ఓకే' అంది గానీ, ఆ ఫోన్ వచ్చినప్పట్నుంచి మాట తగ్గించేసింది. 'ఎవరి బిడ్డనో పెంచి మళ్లీ వాళ్లకే అప్పజెప్పడంలో ఏం సుఖం' అని మా అత్తగారు రోజూ అంటున్నారు. మేం తొందరపడ్డామా? అసలు వాడు మమ్మల్ని ఏమని పిలవాలి?

— ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో మీరున్నారు, మీవారున్నారు, మీ అమ్మాయి ఉంది, మీ అత్తగారు ఉన్నారు, సోషల్ వర్కర్ ఉన్నారు, ఆ బాబు ఉన్నాడు. వాడి కన్నతల్లి మాత్రం ఎక్కడా లేదు. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లలో దాదాపు ఎవరి మాటల్లోనూ ఆవిడ ఉండదు. కానీ వాడు మీ ఇంటికి వచ్చిన రోజు నుంచీ ఆవిడ మీ ఇంటి సంగతుల్లో ఒక భాగం అవుతుంది. మీరు అడిగినవాటిలో సగానికి పైగా జవాబులు, ఆవిడకి మీ ఇంట్లో ఎంత చోటిస్తారన్న దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ముందు తేలికైన సంగతి తేల్చేద్దాం. ఓర్పు. ఫోస్టర్ కుటుంబాలతో పనిచేసిన కాలంలో నేను చూసినవాళ్లలో ఒక బస్సు డ్రైవరు, ఆయన భార్య ఉన్నారు. రిటైరైన టీచరుగారు ఉన్నారు. ఇంట్లోనే బట్టలు కుట్టుకుంటూ ఒంటరిగా ఉండే ఆవిడ ఉంది. నైట్ డ్యూటీలు చేసే నర్సు ఉంది. వీళ్లలో ఎవరూ అసాధారణమైన మనుషులు కారు. టీచరుగారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. నైట్ డ్యూటీ దిగి వచ్చిన పొద్దున నర్సుని కదిలించకూడదని ఆ ఇంట్లో పిల్లలందరికీ తెలుసు. విసుక్కోవడం ఈ పనికి అనర్హత కాదు. అరిచాక ఏం చేస్తారన్నదే చూడాలి. కాసేపటికి వెళ్లి పక్కన కూర్చుని 'ఇందాక గట్టిగా అరిచాను. నా అలసటంతా నీ మీద చూపించాను, నీ తప్పేం లేదు' అనగలరా? అయితే ఈ పనికి కావాల్సిన ఓర్పు మీకు ఉన్నట్టే. ఈ పిల్లల్లో చాలామంది పెద్దవాళ్ల కోపం చూశారు గానీ, కోపం దిగాక వచ్చి సర్దిచెప్పే పెద్దవాళ్లని చూడలేదు.

ఒక్క జాగ్రత్త. మీరు అరిస్తే అమ్మ అలిసిపోయిందని మీ అమ్మాయి అనుకుంటుంది. అదే అరుపు వింటే, వెనకాలే దెబ్బ పడుతుందని ఆ బాబు అనుకోవచ్చు. అందుకని మొదటి నెలల్లో గొంతు తగ్గించుకోవడం మీరు పనిగట్టుకుని అలవాటు చేసుకోవాలి. చెయ్యి చేసుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కుదరదు. మెల్లిగా ఒక్కటి వేశాను అంతే, అన్నా కుదరదు.

మామూలు మనుషుల వల్ల ఏమవుతుందనే అనుమానం మీకు ఇంకా ఉంటే బుకారెస్ట్ సంగతి చెప్తాను. రుమేనియా రాజధానిలో 2000 దశకం మొదట్లో, అనాథాశ్రమాల్లో పెరుగుతున్న 136 మంది పసివాళ్లతో ఒక పరిశోధన మొదలైంది. 6 నెలల నుంచి 31 నెలల మధ్య వయసు వాళ్లు. అప్పటికి అక్కడ ఫోస్టర్ కుటుంబాలు దాదాపు లేవు. పరిశోధకులే కుటుంబాల్ని వెతికి, శిక్షణ ఇచ్చి, లాటరీ పద్ధతిలో సగం మందిని ఆ ఇళ్లకి పంపారు. మిగతావాళ్లు అప్పటికి ఆశ్రమాల్లోనే ఉండిపోయారు. (ఆ మిగతావాళ్ల గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.) ఇళ్లకి వెళ్లిన పిల్లలు తెలివితేటల్లోనూ, మనుషులకి దగ్గరవడంలోనూ స్పష్టంగా మెరుగయ్యారు. రెండేళ్లు నిండకముందే వెళ్లినవాళ్లకి ఇంకా మేలు జరిగింది. వాళ్లని పెంచినవాళ్లు మానసిక నిపుణులేం కాదు. అయితే వాళ్లని వాళ్ల మానాన వదిలేయలేదు, సోషల్ వర్కర్లు తరచూ వచ్చి అండగా నిలబడ్డారు. మీకు కావాల్సిందీ ఆ అండే.

ఇక వాడి తల్లి సంగతి.

ఫోస్టర్ కేర్‌లోకి వచ్చే పిల్లల్లో చాలామంది అనాథలు కారు. తల్లో తండ్రో, ఇద్దరూనో బతికే ఉంటారు. తాగుడు, మత్తుమందులు, మానసిక వ్యాధి, జైలు, ఇంట్లో హింస, మంచం పట్టించిన జబ్బు... కారణం ఏదైనా కావచ్చు. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డని తల్లిదండ్రుల నుంచి విడదీయకూడదని ఐక్యరాజ్య సమితి 2009లో ఆమోదించిన మార్గదర్శకాలు చెబుతాయి. ఆచరణలో డబ్బున్న ఇంట్లో దాగే తప్పులు డబ్బులేని ఇంట్లో తొందరగా బయటపడతాయన్నది మాత్రం నిజం. పిల్లాడికి ఇవేవీ తెలియవు. వాడికి తెలిసింది వాళ్లమ్మ. ఆవిడ చేతి దెబ్బలు తిన్నా, ఆవిడ లేవక పస్తున్నా, వాడికి అమ్మ అమ్మే.

కొత్తవాళ్లకి మింగుడుపడనిది ఇక్కడే. వేళకి తిండి, శుభ్రమైన పక్క, ప్రేమగా పలకరించే మనుషులు, ఇన్నీ ఇచ్చాక కూడా వాడు దుప్పట్లో మొహం దాచుకుని 'మా అమ్మ దగ్గరికి పోతా' అంటాడు. మీకు ఎక్కడో చివుక్కుమంటుంది. మా దగ్గర ఏం తక్కువైంది అనిపిస్తుంది. ఏమీ తక్కువ కాలేదు. ఆరేళ్లవాడికి తల్లి మీద బెంగ మాత్రమే కాదు, బాధ్యత కూడా ఉండి ఉండొచ్చు. ఆవిడ లేవలేని రోజుల్లో మంచినీళ్లు అందించింది, తలుపు కొట్టినవాళ్లకి 'అమ్మ లేదు' అని చెప్పింది వాడే కావచ్చు. 'ఇప్పుడు అమ్మని ఎవరు చూస్తున్నారు' అన్నది వాడి మనసులో నలుగుతున్న ప్రశ్న అయితే, కొత్త బొమ్మలతో అది పోదు. దానికి జవాబు కావాలి. ఆవిడ ఎక్కడుందో, క్షేమంగా ఉందో లేదో సోషల్ వర్కర్‌ని అడిగి తెలుసుకుని వాడికి చెప్పండి.

ఇంకోటి కూడా చూస్తారు. మీతో కలిసి పకపకా నవ్వినవాడే మరుక్షణం మొహం ముడుచుకుంటాడు, ఏదో ఒకటి విరగ్గొడతాడు. మీరు నచ్చుతున్నారన్నదే వాడికి భయం. మీరు నచ్చితే అమ్మకి ద్రోహం చేసినట్టేమో అని వాడి లెక్క. ఈ ముడి వాడు విప్పుకోలేడు. మీరే విప్పాలి, వాళ్లమ్మ పేరు మీ నోటి నుంచి మామూలుగా వస్తుండాలి. 'ఈ పాట మీ అమ్మ కూడా పాడేదా?', 'ఇది మీ అమ్మకి చూపిద్దాం, దాచిపెట్టు' అంటుండాలి. ఆ మాట మీరు అన్నప్పుడు వాడి భుజాలు ఎలా సడలుతాయో చూడండి.

ఈ పద్ధతి నా సొంతమేం కాదు. 1960ల చివర్లో ఇంగ్లండ్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్, జాయిస్ రాబర్ట్‌సన్ అనే దంపతులు, తల్లి కాన్పుకి ఆసుపత్రిలో చేరితే ఇంట్లో చూసే దిక్కులేని నలుగురు చిన్నపిల్లల్ని ఒకరి తర్వాత ఒకరిగా తమ ఇంట్లో పెట్టుకున్నారు. ముందే రాకపోకలతో పరిచయం పెంచుకున్నారు. పిల్లల సొంత వస్తువులు వెంట తెచ్చుకోనిచ్చారు. తల్లి ఫొటో చూపిస్తూ, ఆవిడ గురించి మాట్లాడుతూ ఉన్నారు. తండ్రులు వచ్చి చూసి వెళ్లేవారు. ఆ పిల్లలు బెంగపెట్టుకోలేదని కాదు, పెట్టుకున్నారు. కానీ అదే కాలంలో అలాంటి కారణంతోనే శిశు సంరక్షణ కేంద్రంలో ఉండాల్సి వచ్చిన ఒక బాబు కుప్పకూలినట్టు వీళ్లు కూలిపోలేదు. ఇళ్లకి వెళ్లాక తల్లుల్ని హత్తుకున్నారు. అందరికంటే చిన్నవాళ్లిద్దరు జాయిస్‌ని కూడా అంత తేలిగ్గా వదులుకోలేకపోయారు. అదీ గమనించాల్సిన విషయమే. బిడ్డ మనసులో ఇద్దరికి చోటు ఉంటుంది. ఒకరిని ఖాళీ చేయిస్తేనే ఇంకొకరు కూర్చోవాలన్న నియమం పెద్దవాళ్లదే.

తల్లి చూడ్డానికి వచ్చే రోజుల గురించి శిక్షణలో చెప్పే ఉంటారు. చెప్పడం వేరు, ఆ సాయంత్రం ఇంట్లో ఉండటం వేరు. నేను చెప్పిన బస్సు డ్రైవరు దంపతుల దగ్గర ఎనిమిదేళ్ల పాప ఉండేది. తల్లిని చూసి వచ్చిన ప్రతిసారీ ఆ రాత్రి పక్క తడిపేది, పొద్దున బడికి వెళ్లనని మొండికేసేది. తల్లి చెప్పిన టైముకి రాని రోజు మరీ ఘోరం. 'ఈ చూపులు ఆపించేయండి, పిల్ల నలిగిపోతోంది' అని ఆ ఫోస్టర్ తల్లి పట్టుబట్టింది. ఆవిడ ఆవేదన నాకు అర్థమైంది, కానీ కోరిక సరైంది కాదు. తల్లిని కలిసొచ్చాక పిల్ల ఏడ్చిందంటే కలవడం చెడ్డదని కాదు, విడిపోవడం కష్టమని. తల్లిదండ్రుల నుంచి విడిగా ఉన్న బిడ్డకి, తన మేలుకి భంగం కానంతవరకు, వాళ్లని క్రమం తప్పకుండా కలిసే హక్కు ఉందని 1989 నాటి బాలల హక్కుల ఒప్పందం చెబుతుంది. అది బిడ్డ హక్కు. తల్లి బుద్ధిగా ఉన్నందుకు ఇచ్చే బహుమతి కాదు, సరిగ్గా లేనందుకు తీసేసే శిక్ష కూడా కాదు. నిజంగా ప్రమాదం ఉంటే ఆపే అధికారం కోర్టుకో సంస్థకో ఉంటుంది, అది వాళ్లు చూసుకుంటారు. మీరు చూసింది చూసినట్టు రాసిపెట్టి వాళ్లకి ఇవ్వండి, తీర్పు మాత్రం మీరు చెప్పకండి.

ఆ ఇంట్లో చివరికి చేసింది చిన్న పనే. ఫోస్టర్ తల్లి ఒక నోట్‌బుక్ పెట్టింది. పాప ఈ వారం ఏం తింది, ఏ పన్ను ఊడింది, బడిలో ఏ బొమ్మ వేసింది అని రాసి, కలిసే రోజున తల్లికి పంపేది. మొదట్లో ఆ తల్లి తెరిచి కూడా చూడలేదు. తర్వాత్తర్వాత నాలుగు ముక్కలు తిరిగి రాయడం మొదలుపెట్టింది: దానికి చీకటంటే భయం, గుమ్మం దగ్గర లైటు ఉంచండి అని. తన ఇద్దరు పెద్దవాళ్లూ తన గురించి మాట్లాడుకుంటున్నారని ఆ పిల్లకి తెలిసింది. బడికి మొండికేయడం తగ్గింది. పక్క తడపడం మాత్రం వెంటనే ఆగలేదు, చాలాకాలం పట్టింది.

వాడితో ఆవిడ గురించి ఏం చెప్పాలి? చెడుగా చెప్పకూడదని మీకు తెలుసు. మరీ తీపి చేసి చెప్పడమూ అంతే చేటు. 'మీ అమ్మ ఊరికెళ్లింది, వచ్చేస్తుంది' లాంటివి వద్దు. ఆ వయసు పిల్లలు ఇంట్లో ఏం జరిగినా తమవల్లే జరిగిందనుకుంటారు. కాబట్టి మొట్టమొదట వినాల్సిన మాట: 'మీ అమ్మకి నిన్ను చూసుకోవడంలో ఇబ్బందులొచ్చాయి. అది నీవల్ల కాదు.' ఇంటికి ఎప్పుడు వెళ్తానని అడిగితే తేదీ చెప్పకండి, ఆశా పెట్టకండి. 'నాకు తెలీదు. పెద్దవాళ్లు ఆలోచిస్తున్నారు. తెలిసిన రోజు నేనే నీకు చెప్తాను. అప్పటిదాకా ఇక్కడే, మా దగ్గరే ఉంటావు.' ఈ నాలుగు ముక్కలు వందసార్లు చెప్పాల్సి వస్తుంది, విసుక్కోకండి.

ఇప్పుడు కాస్త కటువుగా ఒకటి అడగాలి. రెండో బిడ్డ కోసం చాలాకాలం చూశామని రాశారు. ఆ తర్వాతి వాక్యంలోనే ఫోస్టర్ కేర్ వచ్చింది. మీరూ మీవారూ ఒక రాత్రి కూర్చుని నిజం మాట్లాడుకోండి: 'వాళ్లమ్మ బాగుపడకపోతే వాడు మనకే ఉండిపోతాడు' అన్న ఆశ ఎక్కడైనా ఉందా? ఉంటే సిగ్గుపడక్కర్లేదు, బిడ్డ కోసం తపించినవాళ్లకి అలా అనిపించడం సహజం. కానీ ఆ ఆశతో ఈ పనిలోకి దిగకూడదు. ఎందుకంటే ఆవిడ మందు మానేసిందనో, ఇల్లు దొరికిందనో వార్త వచ్చిన రోజు మీ మొహం చిన్నబోతుంది, అది వాడు పసిగడతాడు. కొన్నిచోట్ల ఫోస్టర్ పెంపకం దత్తతగా మారే వీలు ఉంది, కొందరు పిల్లలు పెద్దయ్యేదాకా ఒకే ఫోస్టర్ ఇంట్లో ఉండిపోతారు. అది కలిసొస్తే రావాలి గానీ, ఎదురుచూసేది కాకూడదు. మీకు కావాల్సింది ఎప్పటికీ మీదయ్యే బిడ్డ అయితే దత్తత దారిలో వెళ్లండి. అది ఏమాత్రం తక్కువ పని కాదు.

ఆ ఆశ లేదని తేలితే, దూరంగా ఉండాలా అన్న మీ ప్రశ్నకి వద్దాం. వద్దు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. మేరీ డోజియర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫోస్టర్ ఇళ్లకి వచ్చిన పసివాళ్లని ఏళ్ల తరబడి పరిశీలించారు. ఏడాది దాటాక కొత్త ఇంటికి వచ్చిన పిల్లల్లో చాలామంది దెబ్బ తగిలినా దగ్గరికి రారు, ఎత్తుకుంటే తోసేస్తారు, నువ్వు నాకేం అక్కర్లేదన్నట్టు ప్రవర్తిస్తారు. అది చూసి పెంచేవాళ్లు కూడా, తెలియకుండానే, వెనక్కి తగ్గుతారు. వాడికి నేను అక్కర్లేదు కదా అనుకుంటారు. ఇక ఇద్దరి మధ్యా దూరం అలాగే స్థిరపడిపోతుంది. ఆమె శిక్షణలో నేర్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం: బిడ్డ అడగకపోయినా, తోసేసినా, ఓదార్పు అందిస్తూనే ఉండాలి. ఆ పని పసిపిల్లల మీద జరిగింది గానీ, ఆరేళ్లవాళ్లూ పన్నెండేళ్లవాళ్లూ ఉన్న ఇళ్లలో నేను చూసిందీ అదే. మోకాలు కొట్టుకుని 'నొప్పి లేదు' అనే పిల్లాడి దగ్గర 'లేదంటే సరే' అని ఊరుకోకుండా, 'నొప్పి లేకపోయినా ఒకసారి చూద్దాం' అని పక్కన కూర్చునే మనిషి కావాలి. మీ గుండె కాపాడుకోవడానికి మీరు వెనక్కి తగ్గితే, పెద్దవాళ్లందరూ ఇంతే అన్న వాడి నమ్మకం ఇంకాస్త గట్టిపడుతుంది.

అంటే వాడు వెళ్లేటప్పుడు మీకు నొప్పి తప్పదు. దీన్ని తియ్యగా చుట్టి చెప్పలేను. ఎవరైనా పోతే పదిమంది వచ్చి పలకరిస్తారు. ఫోస్టర్ బిడ్డ సొంతింటికి వెళ్తే 'మంచిదేగా, తల్లి దగ్గరికి చేరాడు' అంటారు, మీరు ఏడిస్తే వింతగా చూస్తారు. కుట్టుపని చేసుకునే ఆవిడ, రెండేళ్లు ఉన్న పిల్ల వెళ్లాక కొన్ని వారాలు మిషను ముట్టుకోలేకపోయింది. ఇంకెప్పుడూ ఎవరినీ తీసుకోనంది. తర్వాత తీసుకుంది, వెంటనే కాదు. ఆ మధ్య కాలంలో ఇంకో ఫోస్టర్ తల్లితో రోజూ ఫోన్లో మాట్లాడటమే తనని నిలబెట్టిందని చెప్పింది. అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురిని ఇప్పుడే వెతుక్కోండి. మీ బ్యాచ్‌లో శిక్షణ తీసుకున్నవాళ్ల నంబర్లు మీ దగ్గర ఉండే ఉంటాయి.

వెళ్లడం ఎలా జరుగుతుందన్నది కూడా చాలా మారుస్తుంది. రాత్రికి రాత్రి సంచి సర్ది పంపించడం కాకుండా, ముందు పగటిపూట, తర్వాత ఒక రాత్రి, తర్వాత వారాంతం, అలా అలవాటు చేస్తూ పంపమని గట్టిగా అడగండి. ఫొటోలు, బొమ్మలు, బడి కాగితాలు మొదట్నుంచీ ఒక పెట్టెలో వేస్తుండండి, వాడితోపాటు అవి వెళ్లాలి. తన ఆరో ఏడు ఎలా గడిచిందో వాడికి తర్వాత ఎవరూ చెప్పలేరు, ఆ పెట్టె చెప్తుంది. ఆ తర్వాత ఫోన్లు, చూపులు ఉంటాయా అన్నది ఎక్కువగా ఆ తల్లి చేతుల్లోనే ఉంటుంది. ఇన్నాళ్లూ మీరు ఆవిడతో ఎలా ఉన్నారన్నది అప్పుడు తెలుస్తుంది.

మొదటి వారాల గురించి రెండు ముక్కలు. వాడు రాగానే చాలా బుద్ధిగా ఉండొచ్చు. పొంగిపోకండి, అది అతిథి మర్యాద. కొంచెం కుదురుకున్నాక అసలు అల్లరి మొదలవుతుంది, అది మీకు శుభవార్తే. తినేవి దిండు కింద దాచిపెట్టడం చాలామంది పిల్లలు చేస్తారు. దొంగతనం అనకండి. వాడి చేతికి అందేలా ఒక డబ్బా పెట్టి, అది ఎప్పుడూ ఖాళీ అవకుండా చూడండి. వాడు తెచ్చుకున్న బట్టలు, దుప్పటి ఎంత మాసిపోయి ఉన్నా మొదటి రోజే ఉతకొద్దు, ఆ వాసన వాడి ఇల్లు. ఇవన్నీ శిక్షణలో విన్నవే కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

మీ అమ్మాయి. 'నాకు ఓకే' అన్న పదమూడేళ్ల పిల్ల మౌనం గురించి మీరు రాసిన ఆ ఒక్క వాక్యం నన్ను మీ మిగతా భయాలన్నిటికంటే ఎక్కువ ఆపింది. ఫోస్టర్ కుటుంబాల్లో సొంత పిల్లలు తరచూ చేసేది ఇదే: అమ్మానాన్నలు మంచిపని చేస్తున్నారు, అడ్డుపడితే నేను చెడ్డదాన్ని అవుతాను అని నోరు మూసుకోవడం. వాడు వచ్చాక కూడా తన ఇబ్బందులు మీకు చెప్పకుండా దాచుకుంటుంది, అమ్మకి ఇప్పటికే చాలా టెన్షన్ ఉంది కదా అని. 'నీకు ఇష్టమేనా' అని మళ్లీ అడగకండి, మళ్లీ 'ఓకే' అనే అంటుంది. 'ఇందులో నీకు నచ్చని మూడు సంగతులు చెప్పు' అని అడగండి, చెప్పినప్పుడు సమర్థించుకోకుండా వినండి. తన గదికి గడియ ఉండాలి. తన వస్తువుల్లో ఏవి పంచుకోవాలో తనే తేల్చుకోవాలి. వారంలో కొంతసేపు మీరో మీవారో తనతో మాత్రమే ఉండాలి. చిన్నవాణ్ని చూసుకునే పని తన మీద వేయొద్దు. తనకంటే వాడు బాగా చిన్నవాడు కావడం మీకు కలిసొచ్చే సంగతే, ఒక ఈడు పిల్లలైతే ఘర్షణ ఎక్కువ. వాడు వెళ్లిన రోజు బెంగపడేవాళ్లలో తనూ ఉంటుందని గుర్తుంచుకోండి. ఈ సంభాషణ జరిగాక తన మనసు నిజంగానే ఒప్పుకోవట్లేదని తెలిస్తే ఆగండి. సోషల్ వర్కర్‌కి అది చెప్పడానికి మొహమాటపడకండి.

మీ అత్తగారితో వాదించి గెలవలేరు, గెలవాల్సిన అవసరమూ లేదు. సుఖం కోసం చేస్తున్నది కాదని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. వాడి ముందు ఆ మాట అనకూడదన్న షరతు మాత్రం మీవారు పెట్టాలి, మీరు కాదు. బంధువుల్లో, ఇరుగుపొరుగులో 'పాపం, ఏమైందట?' అని ఆరా తీసేవాళ్లు చాలామంది ఉంటారు. వాడి కథ వాడిది. 'కొన్నాళ్లు మా దగ్గర ఉంటున్నాడు' అంటే చాలు. ఫొటోలు సోషల్ మీడియాలో పెట్టకండి, పిల్లాడు ముద్దుగా ఉన్నా సరే. ఖర్చులకి కొన్నిచోట్ల కొంత భత్యం ఇస్తారు. అడిగి తీసుకోండి, అందులో తప్పేం లేదు. అది మీ జీతం కాదు, వాడి ఖర్చు.

ఏమని పిలవాలో వాడే తేల్చుకుంటాడు. మీ పేర్లు చెప్పండి, 'అత్తా' అన్నా, 'ఆంటీ' అన్నా పలకండి. 'అమ్మా అను' అని ఎవరూ నేర్పకుండా చూడండి, ముఖ్యంగా ఇంటికొచ్చే చుట్టాలు. వాడంతట వాడు ఎప్పుడైనా అలా పిలిస్తే పలకండి. కానీ ఆ సంగతి వాళ్లమ్మకి ఇంకెవరి ద్వారానో కాకుండా, మీ నుంచో సోషల్ వర్కర్ నుంచో నెమ్మదిగా తెలిసేలా చూడండి.

మీరు తొందరపడ్డారో లేదో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. వచ్చే నెలలోపు మీరు అడగాల్సినవి మాత్రం ఉన్నాయి. ఆ బాబుకి అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో ఉన్నారా, ఉంటే ఎక్కడున్నారు, ఎందుకు విడిగా ఉన్నారు? (తోబుట్టువుల్ని వీలైనంతవరకు విడదీయకూడదనే ఆ 2009 మార్గదర్శకాలు చెబుతాయి.) మీ ఇల్లు వాడికి ఎన్నో ఇల్లు? తల్లిని ఎప్పుడెప్పుడు, ఎక్కడ కలుస్తాడు, ఎవరు తీసుకెళ్తారు? రాత్రి పదకొండింటికి వాడు అదుపు తప్పితే మీరు ఫోన్ చేయాల్సిన నంబరు ఏది, అది ఎవరు ఎత్తుతారు? మీకు ఊపిరి తీసుకోవడానికి వారాంతంలో వాణ్ని చూసే ఇంకో కుటుంబం ఉందా? వీటికి సరైన జవాబులు రాకపోతే ఒప్పుకోకండి. ఇప్పుడు కాదంటే సంస్థవాళ్లు కాస్త నొచ్చుకుంటారు. వచ్చి మూడు నెలలయ్యాక మావల్ల కాదంటే, వాడికి ఇంకో ఇల్లు పోతుంది.

జవాబులు బాగుంటే, మీ అమ్మాయీ సరేనంటే, ఇంకొక్కటి అడగండి: సంచితో వచ్చే రోజు కంటే ముందు ఒకట్రెండు సార్లు వాడు మీ ఇంటికి వచ్చి, గంటో రెండు గంటలో ఉండి వెళ్లే ఏర్పాటు. వీలైతే వాళ్లమ్మని కూడా ముందే ఒకసారి కలిపించమనండి. వాడికి ఏ వైపు తిరిగి పడుకుంటే నిద్ర పడుతుందో, దేనికి భయపడతాడో ఆవిడని అడగండి. ఫైల్లో అవి ఉండవు.